మందిరానికి కుట్టిన తెర

తల్లీ, ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేను కనుక ఇన్నాళ్ళకు కలం పట్టాను.

చదువుకునే చోటు నుంచి రెండు రోజులు ఆ పరాయి దేశపు మహానగరం చూడబోయి, దుకాణంలోంచి ఫోన్ చేశావు.

"అమ్మా, నువ్వు మందిరానికి కుట్టిన తెర ఇక్కడ అమ్ముతున్నారే! ఎర్రదారం చాలక నారింజ రేకు కుట్టావే, ఆ పువ్వుతో సహా!"

దాన్ని మందిరంలో ఇస్తానని పట్టుకెళ్ళింది మీ పెద్దమ్మే. వెళ్ళి అడిగాను.

"దేవుడికి ఎన్ని తెరలు కావాలే, పిచ్చిమొహమా?" అని నవ్వింది. సరేలే అనుకున్నాను.

సాయంత్రం మళ్ళీ నువ్వే చేశావు. "అంత ధరేమిటని అడిగానమ్మా. కుట్టినావిడ పోయిందట, ఇదే ఆఖరిదట. తెర అమ్మిన పెద్దమ్మే వాళ్ళకలా చెప్పిందట."

ఈ ఉత్తరం దాచుకో. పెద్దమ్మకు చూపించకు. తనకు చెప్పలేదు గానీ, ఆపరేషన్ బల్ల మీద నుంచి తను ప్రాణాలతో లేవాలని మొక్కుకుని కుట్టిన తెర అది.