ఓడవాడు దొరికిన రోజు

హాల్లో మొగుడి బాబాయి తన మోకాలి ఆపరేషన్ కథలో మత్తుమందు దాకా వచ్చేసరికి గట్టిగా ఉరిమింది. ఇల్లాలు మొగుడున్న గదిలోకి పరుగెత్తింది.

"ఏమండీ, ఏరియల్ తీగ పీకేయండి!"

కిందటేడు ఆ తీగ వెంటే పిడుగు దిగి మొగుడు సరదాగా దూరదేశాల వాళ్ళతో మాట్లాడే హామ్ రేడియోను మాడ్చేసింది. అప్పట్నుంచీ ఉరిమితే చాలు, తీగ ఊడదీసి కొసను గాజు సీసాలో పడేయడం ఆ ఇంటి కట్టుబాటు.

హెడ్‌ఫోన్ పెట్టుకున్న మొగుడు చెయ్యెత్తాడు. "ష్! నడిసముద్రంలో ఓడవాడు దొరికాడు. కదిలిస్తే పోతాడు."

"మీ ఓడ మునగ! సెట్టు మళ్ళీ బూడిదైపోతుంది!" అంటూ తనే బల్ల వెనక చెయ్యి పెట్టింది.

తీగ కొస అప్పటికే సీసాలో ఉంది. సీసా మూతికి సాలెగూడు కూడా ఉంది. కరెంటు ప్లగ్గు నేలమీద పడుంది.

"ఎప్పుడు పీకారు?"

మొగుడు నేలచూపులు చూశాడు. "బాబాయి వచ్చిన రోజే."

ఆమె కళ్ళెర్రజేసి నోరు తెరిచేలోపు హాల్లోంచి కేక వినబడింది. "అమ్మాయ్, ఎక్కడున్నావ్? రెండో మోకాలి సంగతి మొదలే పెట్టలేదు!"

ఆమె చప్పుడు కాకుండా తలుపు వేసింది. గోడమేకుకు వేలాడుతున్న పాత హెడ్‌ఫోన్ తీసి చెవులకు తగిలించుకుంది.

"జరగండి. ఆ ఓడలో నాకూ కాస్త చోటివ్వండి."