తాబేలు లేచేదాకా

పసుపూ బొగ్గూ కలిపి నిబారణ్ వీపు మీద చారలు గీసి పులిని చేశారు. ముఖానికి ఏమీ పూయలేదు. దానికి ఆ అవసరం లేదు.

"మధ్యాహ్నం లాంచీకి పోవాలి. త్వరగా కానివ్వండి," అన్నాడు పులి.

ఆ రోజు అతని తమ్ముడి కూతురు టుకు పుట్టినరోజు. మా దీవుల్లో పిల్లలందరికీ 'పులి పెట్టిన విందు' కథ చెప్పందే నిద్ర పట్టదు. ఆ కథలో లాగే ఇంటిల్లిపాదీ జంతువులై పంక్తిలో కూర్చోవాలని టుకు పంతం పట్టింది.

నాయనమ్మ కొంగ అయింది. టుకు జింకపిల్ల. తల్లి షెఫాలి వడ్డన.

నిబారణ్ కలకత్తా నుంచి వచ్చింది విందు కోసం కాదు, టుకుని తీసుకుపోవడానికి. పేరు చదువు. పని అతని పసివాణ్ణి ఎత్తుకు తిరగడం.

"రేపటికి ఈ పిల్ల చేరకపోతే మా ఆవిడ తన చెల్లెలి కూతుర్ని తెచ్చుకుంటుంది. ఆ తర్వాత మీరు బతిమాలినా లాభం లేదు," అన్నాడు తల్లితో.

"బతిమాలేదెవర్రా?" అంది కొంగ.

అందే గానీ, తండ్రి లేని పిల్ల విషయంలో ఇంటికి పెద్దవాడి మాట కొట్టేసే ధైర్యం ఆమెకూ లేదు. ఇక షెఫాలి. బావగారి ఎదుట మరదలు నోరు విప్పదు. ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. టుకు బట్టల మూట గుమ్మం పక్కనే ఉంది.

అరిటాకులు వేస్తుండగా వాకిట్లో ఎవరో దగ్గారు. ఒక ముసలాయన. మోకాళ్లదాకా బురద, చేతిలో చెప్పులు.

"రేవులో కొట్టు మూసేశారమ్మా. పిడికెడు వేడన్నం దొరుకుతుందా?"

"సత్రం అనుకున్నావా?" పులి గుర్రుమంది.

"తాబేలు దొరికింది!" టుకు చప్పట్లు కొట్టింది. కథలోనూ తాబేలు పిలవని చుట్టమే.

పాత గొడుగు గుడ్డలో గడ్డి కూరి కుట్టిన డొప్పని ఆయన వీపుకి కట్టి, చెవిలో చెప్పింది: "తాతా, విందు కాగానే పులి జింకపిల్లని ఎత్తుకుపోతుంది. తాబేలు తిని లేచేదాకా పంక్తి లేవకూడదు. అందుకని తాబేలు..."

"మెల్లగా తింటుందా?"

"చా...లా మెల్లగా."

ముసలాయన గుమ్మం పక్క మూటని చూశాడు. పులిని చూశాడు. కూర్చున్నాడు.

మా వైపు భోజనం చేదుతో మొదలై తీపితో ముగుస్తుంది. ముందు చేదుకూర వచ్చింది. మెతుకు మెతుక్కీ మధ్య ఒక కునుకు తీయవచ్చు, అట్లా తిన్నాడు. పప్పు వచ్చింది. చేప వచ్చింది. ముల్లు తీసి, ఆ ముల్లుకేసి చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

రేవులో లాంచీ కూత పెట్టింది.

నిబారణ్ సగం లేచాడు.

"కూర్చోరా! పుట్టినరోజు పంక్తి మధ్యలో లేస్తే పిల్లకి అరిష్టం," అంది తల్లి.

"లాంచీ పోతుందే అమ్మా!"

"పోదులే బాబూ," అన్నాడు తాబేలు.

"ఏం, మీ తాతదా లాంచీ?"

"మా తాతకి తెప్ప కూడా లేదు."

తీపి పచ్చడి వడ్డించారు. ఇక పాయసమే కదా అని పులి ఊపిరి పీల్చుకుంది.

"అమ్మా, ఆ చేదుకూర ఇంకొంచెం."

పంక్తి నోరు తెరిచింది. పచ్చడి తిన్న నోటితో మళ్లీ చేదుకి వెళ్లేవాణ్ణి మా దేశంలో ఎవరూ చూసి ఎరగరు.

"ఏ అడవిలో పుట్టావయ్యా?"

"తాబేలుకి మర్యాదలేం తెలుసు బాబూ?"

షెఫాలి అప్పటికే గిన్నె తెచ్చింది. ముసుగులో ముఖం కనబడలేదు. గరిటె మాత్రం పొంగిపొర్లుతోంది.

మళ్లీ పప్పు. మళ్లీ చేప. ముసలాయనకి చెమటలు పట్టాయి. పంచె ముడి వదులు చేసుకున్నాడు. ముద్ద దిగడం లేదు. అయినా మింగుతున్నాడు.

లాంచీ కూత మీద కూత, ఎవరినో తిట్టినట్టు. ఆ తర్వాత నిశ్శబ్దం.

"పోయింది," నిబారణ్ డీలా పడ్డాడు. "మళ్లీ లాంచీ సంత రోజునే."

అప్పుడు తాబేలు పాయసం ఒక్క గుక్కలో తాగేసి లేచింది.

"నీది కడుపా, ధాన్యం కొట్టా? తిండిపోతు! నడు బయటికి!" నిబారణ్ ఆయన చెప్పులు బురదలోకి విసిరాడు.

కొంగ తల దించుకుంది.

ముసలాయన చేయి కడుక్కుని, టుకు తల నిమిరి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు.

నిబారణ్ నూతి దగ్గర చారలు కడుక్కుంటుంటే మళ్లీ కూత వినబడింది.

"ఇంకా పోలేదా!"

సగం పులిగానే రేవుకి పరిగెత్తాడు. వెనకే అందరూ. లాంచీ అప్పుడే ఒడ్డు వదిలి నది మధ్యకి తిరుగుతోంది.

"ఇంతసేపూ ఆగింది కదా, అప్పుడేం చేశారు?" అన్నాడు రేవులో తాడు విప్పినవాడు.

"ఎందుకాగింది?"

వాడు లాంచీ పైకి వేలు చూపించాడు.

పైన అద్దాల గదిలో చక్రం తిప్పుతున్న మనిషి వెనక్కి తిరిగి చూడలేదు గానీ, ఆయన వీపు మీద గొడుగు గుడ్డ డొప్ప ఇంకా అట్లాగే ఉంది.