కండ్ల సారు

“సార్, మీరు బయటనే ఉండుండ్రి.”

హనుమండ్లు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

బయట ఉన్న ముసలాయన అప్పటికే చెప్పులు విడిచాడు. చేతిలో పూలదండ ఉంది.

ఇంటి ముందు టెంటు కింద, ఫ్రీజర్ పెట్టెలో సాంబయ్య శవం ఉంది. ముందు రోజు పొద్దున ప్రాణం పోయింది. భార్య భూమవ్వ లోపలి గదిలో సోయి లేకుండా పడి ఉంది. కొడుకు పరశురాములు మస్కట్ నుంచి దిగి, మందమర్రి చేరి గంట కూడా కాలేదు.

“ఎవలన్నా ఆయన?” పక్కింటి హనుమండ్లును అడిగాడు పరశురాములు. అతను చిన్నప్పుడు లక్సెట్టిపేటలో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదివాడు. ఇక్కడి మనుషులు తెలియదు.

“లింగమూర్తి సారు. అందరు కండ్ల సారు అంటరు. యాడ చావైతే ఆడికి వస్తడు. కండ్లు దానమియ్యుండ్రి అంటడు. బతిలాడుతడు, కాళ్లు పట్టుకుంటడు. ఇచ్చేదాక కదలడు.”

పరశురాములు గేటు దగ్గరకు వెళ్లాడు. తండ్రి మంచం పట్టినప్పుడు అతను లేడు. ప్రాణం పోయేటప్పుడూ లేడు. ఆ ఒంటిని ఉన్నదున్నట్టు కాటికి చేర్చడం ఒక్కటే ఇప్పుడు అతని చేతిలో ఉంది.

“మా బాపు కండ్లు ఇయ్యం సార్. పోండ్రి.”

“కండ్లు అడుగ రాలే తమ్మీ. ఒక్కసారి సాంబయ్య మొఖం చూసి పోత.”

హనుమండ్లు నవ్వాడు.

“మా చిన్నమ్మ పోయిననాడు గూడ గట్లనే అంటిరి సార్. మొఖం చూసి పోతనంటిరి. జరసేపటికే డాక్టరు డబ్బ పట్టుకొని దిగిండు.”

“నిజమే, అట్లనే అన్న,” ముసలాయన ఒప్పుకున్నాడు. “ఇయ్యాల గది గాదు.”

“ఇయ్యాల ఏంది మరి?”

ముసలాయన టెంటు వైపు చూశాడు. పెట్టె చుట్టూ జనం ఉన్నారు.

“దండ ఇటియ్యుండ్రి, నేనేస్త,” అన్నాడు హనుమండ్లు.

ఆయన దండ ఇచ్చేసి, రోడ్డుకు అవతల కిరాణా కొట్టు అరుగు మీద కూర్చున్నాడు.

పాడె లేచింది. కొట్టు ముందు నుంచి పోతున్నప్పుడు డప్పు కొట్టేవాళ్లు దరువు తగ్గించి, ఆయనకు తల వంచారు. పాడె మోస్తున్నవాళ్లలో ఇద్దరు “నమస్తే సార్” అన్నారు.

“గీయనకు గింత మర్యాదేందన్నా?” హనుమండ్లును అడిగాడు పరశురాములు.

“మాకందరికి పలక పట్టిచ్చింది ఆయనే తమ్మీ. నేను బడి ఎగ్గొట్టి బొగ్గు ఏరుకుంట తిరుగుతుంటె, ఆడిదాక వచ్చి, సైకిల్ మీద కూసోవెట్టుకొని తీస్కపోయిండు. కరోనల ఎవ్వలు ముట్టని పీనుగులను మోసిండు. దేవునసొంటోడు. గని చావింటి ముంగట ఆయన్ను చూస్తె మాత్రం గుండె జారుతది.”

సగం దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. కొడుకు చెవిలో పిలవాలి. ప్రాణం ఉంటే పలుకుతాడని ఆశ.

పరశురాములు వంగాడు.

“బాపూ... బాపూ... ఓ బాపూ...”

తల ఎత్తేసరికి పాడెకు అవతలి వైపు ముసలాయన ఉన్నాడు. జనం వెనకే నడిచి వచ్చినట్టున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, సాంబయ్య ముఖం మీదికి వంగుతున్నాడు.

పరశురాములు భుజం మీది తువ్వాల లాగి తండ్రి కళ్ల మీద కప్పాడు.

“ఇంక గూడ ఆశ సావలేదా సార్?”

హనుమండ్లు నేల చూశాడు.

ముసలాయన రెండు చేతులూ జోడించాడు. ఎవరికి దండం పెట్టాడో తెలియలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

కాష్టం అంటుకుంది.

స్నానాలు చేసి ఇంటికి వచ్చేసరికి భూమవ్వ లేచి, గోడకు ఆనుకొని కూర్చుని ఉంది.

“లింగమూర్తి సారు వచ్చిండా కొడుకా?”

“వచ్చిండు. ఎల్లగొట్టిన. బాపు కండ్ల కోసం వచ్చిండవ్వా.”

“కండ్లా?” భూమవ్వ అతని ముఖంలోకి చూసింది. “పానం పోయిన ఆరు గంటలల్ల తీస్తెనే పనికొస్తయి. నిన్న పోయిన మనిషి కండ్లు ఏం జేసుకుంటడురా?”

పరశురాములు తల తుడుచుకుంటున్న చెయ్యి ఆగింది.

“ఇయ్యాల పొద్దుగాల నేనే సారుకు ఫోన్ చేపిచ్చిన. కరీంనగర్‌ల ఉండె. ఎంబడే బయలెల్లుతున్న, నేను వచ్చేదాక ఎత్తకుండ్రి అన్నడు. మొఖం చూపెట్టినవా?”

“లేదు.”

భూమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“దసరకు జమ్మి ఆకు ఇచ్చెటందుకు బాపు మొదలు గాళ్లింటికే పోతుండె. సారు, సారు పెండ్లాం ఇద్దరు ఎదురుంగ కూసుండి బాపునే చూసేటోళ్లు. ఒక్క మాట మాట్లాడకపోయేటోళ్లు.”

“బాపును చూసుడేంది?”

“బొగ్గు బాయిల పెళ్ల తగిలి బాపు కన్ను పోయె. ఆపరేషన్ చేసిండ్రు, బాగైందని నీకు ఫోన్ల చెప్పినం. పెట్టిన కన్ను ఎవలదో చెప్పలే. ఎవ్వలకు చెప్పద్దని సారే ఒట్టు వెట్టిచ్చుకున్నడు.”

“ఎవలదవ్వా?”

“గీ ఊళ్లె సారు మొట్టమొదలు తీపిచ్చిన కండ్లు సచ్చిపోయిన తన కొడుకువే, అండ్ల ఒకటి మీ బాపుకు పెట్టిండ్రు.”