పెత్రమాస బియ్యం

భీమన్నకు మార్చింది కిడ్నీ. ఆ అవ్వ అడిగేదేమో గుండె సంగతి.

మూడేళ్లు ఎదురుచూస్తే ఉగాది తెల్లారి హైదరాబాద్‌లో కిడ్నీ దొరికింది. అప్పటి నుంచి నెలకోసారి బోధన్ నుంచి నిజామాబాద్ గుండె డాక్టర్ దగ్గరికి తిరుగుతున్నాడు. డయాలసిస్ రోజుల్లోనే గుండె నీరసపడిందట. చూపించుకోకపోతే ప్రాణం మీదికి వస్తుందట.

కిడ్నీకీ గుండెకూ ఏం సంబంధమో అతనికి అంతుపట్టలేదు.

వచ్చినప్పుడల్లా ఆస్పత్రి బెంచీ మీద ఆ ముసలామె పక్కకు చేరేది.

"గుండె ఎట్లున్నది బిడ్డా?"

తనది కిడ్నీ కేసని ఎన్నిసార్లు చెప్పినా అదే ప్రశ్న. ఆమె కూడా పేషెంటేమో అనుకున్నాడు. కానీ ఆమె చేతిలో ఎన్నడూ ఓపీ చిట్టీ కనిపించలేదు.

ఈసారి పెద్దల అమావాస్య, పెత్రమాస నాడు రావాల్సి వచ్చింది. చనిపోయిన తండ్రి పేరు మీద పొద్దున్నే గుడి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చి బస్సెక్కాడు.

అవ్వ సంచి విప్పింది. బియ్యం, పప్పు, రెండు బీరకాయలు.

"తీస్కో బిడ్డా."

భీమన్న సంచిని వెనక్కి నెట్టాడు.

"నేనింకా సావలేదవ్వా. సచ్చినోళ్ల బియ్యం నాకిస్తవా?"

బెంచీ మీది వాళ్లు నవ్వారు. ఆమె ఏం తప్పు చేసిందో తెలియనట్టు చూసి, సంచి ముడేసుకుని లేచింది.

లోపల డాక్టర్ స్కానింగ్ చూసి సంతోషపడ్డాడు. గుండె చాలా వరకు కోలుకుందట. మందులు బాగా పనిచేశాయా అని అడిగాడు భీమన్న.

"మందులు కొంతే. నీ గుండె మీది బరువు దించింది కొత్త కిడ్నీ. బీపీ, షుగర్ పెరగకుండ చూస్కో."

గుండె బాగుందని అవ్వకు ఒక మాట చెబుదామనిపించింది. బయటికొస్తే బెంచీ ఖాళీ. అవ్వ వాళ్ల ఊరు వర్నికి బస్సెక్కి వెళ్లిపోయిందట.

ఆమెకేం జబ్బని చిట్టీలు రాసే రమ్యను అడిగాడు. రమ్యదీ వర్నే.

"హన్మవ్వకు ఏ జబ్బు లేదన్నా. కిడ్నీ మంచిగుంటే గుండె మంచిగుంటదని సార్ చెప్పంగ విన్నది. గందుకే గట్ల అడుగుతది."

భీమన్నకు ఇంకా అర్థం కాలేదు.

"ఉగాది తెల్లారి కిడ్నీ మార్చినోళ్లు ఎవరన్న వస్తే చూపెట్టమన్నది. నిన్ను నేనే చూపెట్టిన. ఇగ రానని చెప్పిపోయింది ఇయ్యాల."

అతని చెయ్యి తెలియకుండానే పొట్ట పక్కనున్న కుట్ల మచ్చ మీదికి పోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

రమ్య మెల్లగా అంది.

"గా బియ్యం నీకు కాదన్నా, ఉగాదికి పోయిన కొడుకు అరుణ్‌కు తెచ్చింది. వానికి బీరకాయంటే పానం."