అక్క పేరు మీద ఊపిరి

"మాస్కు ఒకసారి కిందికి దించండమ్మా."

కిటికీ వెనక కూర్చున్న ఉద్యోగిని ఆ మాట అనేసరికి సైరన్‌కు పై ప్రాణం పైనే పోయింది. సైరన్ అన్నది ఆమె అసలు పేరు కాదు. రాళ్ళకు పాలిష్ పట్టే షెడ్డులో మెషీన్లన్నీ తిరుగుతున్నా ఆమె కేక గేటు దాకా వినిపించేదని తోటివాళ్ళు ఏనాడో పెట్టిన పేరు.

మాస్కు దించింది. ఉద్యోగిని కార్డు మీది ఫోటోను చూసింది, ఆమెను చూసింది. ఫోటో అక్కది. గడ్డం మీది పుట్టుమచ్చా అక్కదే. చెల్లెలి గడ్డం మీద ఉన్నది మాత్రం పొద్దున్నే కాటుకతో దిద్దుకున్నది.

"ఫోటోలో కంటే బాగా చిక్కిపోయారే!"

"జబ్బు మనిషిని కదండీ."

"సరే, పైన మూడో గది."

మెట్ల మొదట్లో అక్క కూర్చుని ఉంది.

"ఏమందే?"

"నమ్మేసింది. పైన పట్టుకుంటే అక్కా?"

"పట్టుకోరు. గీత దాటితే చాలు, మరీ గట్టిగా ఊదకు, అనుమానమొస్తుంది. నీ ధాటికి ఆ మెషీను పగిలినా పగులుతుంది." నవ్వబోయి అక్క దగ్గులో పడింది. వీపు నిమురుతూ చెల్లెలు చుట్టూ చూసింది, ఎవరైనా గమనిస్తున్నారేమోనని.

కొత్త మందు ట్రయల్‌లోకి తీసుకోవాలంటే ఊపిరి ఒక గీతకు పైన ఉండాలట. అంతకంటే తక్కువుంటే మందును తట్టుకోలేరట. పోయిన వారం అక్క తనే వచ్చి ఊదింది, వెంట్రుకవాసిలో తప్పిపోయింది. మరొక్క అవకాశం ఇస్తాం, అదే ఆఖరు అన్నారు. అక్క ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిదుమ్ముకు ఉన్న మందులన్నీ ఎప్పుడో చేతులెత్తేశాయి, ఇక మిగిలింది ఈ ట్రయల్ ఒక్కటే. ఈ వారం డాక్టరూ, ఊదించే మనిషీ మారారని తెలియగానే అక్కాచెల్లెళ్ళకు ఈ తెలివి పుట్టింది. గీత ఎందుకు గీశారో ఆలోచించే తీరిక వాళ్ళకు లేదు. ప్రాణం మీదికొచ్చిన వాళ్ళకు ఎవరికుంటుంది?

మెట్లెక్కుతుంటే సైరన్ గుండె దడదడలాడింది. సగంలో ఆగి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. దొంగ పనులు అలవాటు లేని ఒళ్ళు, భయంతో ఇలా అయిపోతోంది అనుకుంది.

మూడో గదిలో తెల్లకోటు అమ్మాయి కుర్చీ చూపించింది.

"ఏం పని చేస్తారు?"

"రాళ్ళ పాలిష్."

ఆ పూట ఆమె చెప్పిన నిజం అదొక్కటే. ఇద్దరిదీ ఒకే షెడ్డు.

అమ్మాయి ఆమె ముక్కుకు క్లిప్పు తగిలించి, అట్టగొట్టం నోటికి అందించింది. "గుండెల నిండా పీల్చుకుని ఒక్కసారిగా ఊదెయ్యండి. ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా..."

అక్క మాట మరవకుండా సైరన్ ఒద్దికగా ఊదింది.

"అదేంటమ్మా, వేడి టీ ఊదినట్టు! ఇలా ఊదితే లెక్కలోకి రాదు. మీ ఊపిరి తక్కువని రాసేస్తాను, ఇంటికి వెళ్ళిపోవడమే."

తన పిసినారితనానికి అక్క బలైపోతుందా? రెండోసారి ఉన్నదంతా ఊదింది. మూడోసారి లేనిది కూడా తెచ్చి ఊదింది. కళ్ళు బైర్లు కమ్మాయి, దగ్గు తెర ముంచుకొచ్చింది. చెమటకు పుట్టుమచ్చ ఎక్కడ కారిపోతుందోనని గడ్డాన్ని అరచేత్తో మూసుకుంది.

అమ్మాయి మెషీను వైపు చూసింది. ఆమె వైపు చూసింది. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అయిపోయింది, దొరికిపోయాం అనుకుంది సైరన్. ఎక్కువ ఊదేశాను. ఇక అక్క పేరు కొట్టేస్తారు. పోలీసులను పిలుస్తారో ఏమో. పారిపోదామా అంటే కింద అక్క ఉంది, అక్క పరుగెత్తలేదు.

డాక్టరమ్మ వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ముఖంలో నవ్వు లేదు.

"మీతో ఎవరైనా వచ్చారా?"

"ఎందుకండీ?"

"పిలిపించండి, మాట్లాడాలి."

"తప్పంతా నాదేనండీ..." అని నోటి దాకా వచ్చింది, మింగేసింది. "కింద మా... చెల్లెలుంది."

కాసేపటికి అక్క ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. ముఖానికి మాస్కు, దాని మీద కొంగు, లోపల దగ్గును అదిమిపెట్టుకుంది. చెల్లెలి పక్కన కూర్చుని బల్ల కింద చెయ్యి పట్టుకుంది.

"కాదనకండి మేడమ్," అంది అక్క, డాక్టరమ్మ నోరు తెరవకముందే. "ఎలాగైనా మా అక్కను తీసుకోండి. మీకు పుణ్యముంటుంది."

"ట్రయల్ సంగతి తరవాత. ముందు ఈవిణ్ణి ఇవాళే ఆస్పత్రిలో చేర్చాలి."

"ఈవిణ్ణా?"

డాక్టరమ్మ గొంతు తగ్గించి, అక్క వైపే చూస్తూ చెప్పింది.

"మీరే ధైర్యంగా ఉండాలమ్మా. ప్రాణమంతా పెట్టి ఊదినా, మీ అక్కకు పోయిన వారం వచ్చినంత ఊపిరి కూడా ఇవాళ రాలేదు."