కొసరి వడ్డించే యంత్రం

మా కోడలు సుభాషిణి పగలు బస్సు డిపోలో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు మనుషులతో యంత్రాలు ఎలా మెలగాలో నేర్పే పీజీ చదువుతోంది. ఆఖరి పరీక్షకు, తను చేసిన వడ్డన యంత్రం నాకు అన్నం పెట్టాలి. గోడమీది తెరలోంచి మార్కులేసే మేడమ్ చూస్తున్నారు. ఒకప్పుడు పెళ్లిలో తొంభై బూరెలు తిని, ఆకలి తీరక పందిరి రాట వంక చూసినవాణ్ణి నేను.

రెండు గరిటెల పప్పన్నం తిని, మర్యాదకు "చాలు" అన్నాను.

"ఇంకొక్క గరిటె మావయ్యగారూ, కాదనకండి," అంటూ యంత్రం వడ్డించేసింది.

"మనిషి చాలన్నా వినలేదు. ఇలాగైతే పాస్ చెయ్యలేనమ్మా," అన్నారు మేడమ్. కోడలి ముఖం వాడిపోయింది. "పెద్దాయనా, మీకు కోపం రాలేదూ?" అని మేడమ్ నన్నడిగారు.

"వచ్చిందండీ. ఒక్కసారే అడిగింది. మా ఇళ్లలో మూడుసార్లు బతిమాలాలి."

మేడమ్ నవ్వి పాస్ చేశారు. మర్నాటికల్లా కోడలు యంత్రానికి బతిమాలడం నేర్పింది. నేను మొదటి ముద్దకే చాలనడం మొదలుపెట్టాను.