ముందుకు జరిపిన సీటు

"స్టీరింగ్ జోలికి పోకు. పైన నాలుగు లైట్లు బిగించు, చాలు," అన్నాడు బావ.

బండి కింద పడుకున్న మెకానిక్ ఉమ్మేసినంత పని చేశాడు. ఎత్తు పెంచిన జీపు బండికి నడుమెత్తు టైర్లు. వాటిని తిప్పాల్సిన రాడ్డేమో కంపెనీ ఇచ్చిన పాతదే, విల్లులా వంగిపోయి ఉంది.

"పైన పటారం, లోన లొటారం! ఈ టైర్లకి మందపాటి రాడ్డు, పెద్ద స్టీరింగ్ బాక్సు పడాలి బావా. లేకపోతే తిప్పేవాళ్ళ భుజాలు ఊడొస్తాయి."

"నాకెప్పుడూ బరువనిపించలేదే! నీకే బలం చాలదేమో."

ఆ కూతకు ఒళ్ళు మండి, తిప్పి చూద్దామని మెకానిక్ పైకెక్కాడు. మోకాళ్ళు డాష్‌బోర్డుకి కొట్టుకున్నాయి. సీటు మొత్తం ముందుకు జరిపి ఉంది. స్టీరింగ్ నుంచి నొప్పుల మందు వాసన గుప్పుమంది. ఇందులో ఆరడుగుల బావ కూర్చునే సమస్యే లేదు.

"రోజూ ఎవరు నడుపుతున్నారు?"

"మీ అక్కే. ఇందాక నన్ను గేటు దగ్గర దింపి, బండి ఇక్కడే పెట్టి, ఆఫీసుకి బస్సెక్కింది."

మొన్న భోజనాల దగ్గర అక్క నీళ్ళ జగ్గు ఎత్తలేకపోతే, "ముసలిదానివైపోయావే" అని నవ్విన తమ్ముడు తనే. ఈ టైర్లు బిగించిందీ తనే. బావ మీద పుట్టిన అసహ్యం తిరిగి తన మీదికే వచ్చింది.

బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"రాడ్డు మారేదాకా అక్కని ఆఫీసుకి నేను దింపుతా. నువ్వు ఆ లైట్లు నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచిపో."